సన్నం మిర్చి, పత్తి విత్తనం: అంతర్జాతీయ న్యాయం

గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉందని పరీక్ష అభ్యర్థులందరికీ తెలుసు. దాని మూలం ఏదంటేనే తడబడతారు. మూలం 1995లో అమల్లోకి వచ్చిన మేధో సంపత్తి హక్కుల ఒప్పందం (ట్రిప్స్), 22వ అధికరణం. మన దేశంలో సంతకం పడగానే ఒప్పందం చట్టమైపోదు, ఇది ద్వంద్వవాదం. అమలుకు పార్లమెంటు చట్టం చేయాలి. రాజ్యాంగం 253వ అధికరణం రాష్ట్ర జాబితా అంశాలపైనా ఆ అధికారం ఇచ్చింది. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలైంది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది.

ప్రకాశం పత్తి రైతుకు సంబంధించింది అదే ట్రిప్స్‌లోని 27(3)(బి). మొక్కల రకాలకు పేటెంటైనా, ప్రత్యేక విధానమైనా ఉండాలంటుంది. భారత్ రెండోదాన్ని ఎంచుకుంది, తెలివైన పనే: 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ రైతు విత్తనం దాచుకునే హక్కును నిలబెట్టింది.

ఒప్పందం అమలుకు చట్టమే లేనిచోట కోర్టు ఏం చేస్తుంది? సుప్రీంకోర్టు 1997 విశాఖ తీర్పు చదవండి. అది రాజస్థాన్ కేసు, విశాఖపట్నానిది కాదు!