నూలుమిల్లుల నగరం మాంచెస్టరు: నాడు, నేడు

స్వదేశీ ఉద్యమ చరిత్ర చదివిన విద్యార్థులకు మాంచెస్టరు పేరు క్రొత్త కాదు. ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుండి అద్దకపు వస్త్రాలు పారశీకానికి, ఐరోపాకు ఓడలలో తరలిపోయేవి. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ వ్యాపారం తలక్రిందులయింది. లాంకషైరు మిల్లుబట్ట మన బజారులను ముంచెత్తగా మన నేతగాని మగ్గం మూలబడింది. ఆ మగ్గాన్ని మూలకు నెట్టిన నగరం, తన యంత్రాలే మూగవోయిన తరువాత ఎట్లా బ్రదుకుతున్నదో విచారించడం మనకు ఉపయుక్తం.

మాంచెస్టరు అభ్యుదయానికి కారణాలు స్పష్టమైనవి. అక్కడి తేమగాలి నూలుపోగును తెగనీయదు. సమీపంలోని గనుల బొగ్గును 1761లో ప్రారంభమైన బ్రిడ్జివాటరు కాలువ చవుకగా చేరవేసింది. 1830లో లివర్‌పూలుకు రైలుమార్గం పడింది. 1894లో 36 మైళ్ల నౌకా కాలువ సముద్రానికి దూరమైన ఆ నగరాన్ని రేవుపట్టణంగా మార్చింది.

ఈ ఐశ్వర్యంలో శ్రామికునికి దక్కినది స్వల్పం. 1819 ఆగస్టు 16న ఓటుహక్కు కోరి పీటర్స్ ఫీల్డు మైదానంలో గుమికూడిన ప్రజలపై అశ్వికదళం విరుచుకుపడింది. అయినను ఆ శ్రామికుల హృదయం సంకుచితం కాలేదు. అమెరికా అంతర్యుద్ధం వల్ల ప్రత్తి రాక పస్తులున్న రోజులలో కూడా వారు బానిసత్వ నిర్మూలననే సమర్థించారు. అబ్రహాం లింకన్ 1863 జనవరిలో వారికి కృతజ్ఞతతో లేఖ వ్రాశాడు. 1931లో గాంధీజీ లాంకషైరుకు వెళ్లినపుడు, విదేశీవస్త్ర బహిష్కరణ వల్ల పని కోల్పోయిన కార్మికులే ఆయనను ఆదరంతో ఆహ్వానించారు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత భారత, జపాను మిల్లుల పోటీతో క్షీణత మొదలైంది. 1960, 70 దశకాలలో మిల్లులు వరుసగా మూతపడ్డాయి. 1982లో సాల్‌ఫర్డులోని ఓడరేవు కూడా మూతపడింది.

నేడు ఆ రేవుతీరాన 2000లో తెరచిన లౌరీ కళాకేంద్రం వెలసింది. 1830 నాటి రైల్వేస్టేషను విజ్ఞాన, పరిశ్రమల ప్రదర్శనశాల అయింది. పాత మిల్లులు కొన్ని నివాసగృహాలైనాయి. రషోంలోని విల్మ్‌స్లో రోడ్డుపై కబాబుల అంగళ్లు బారులు తీరాయి. లాంకషైరు మిల్లులలో రాత్రిపాళీ చేయడానికి భారత, పాకిస్తానుల నుండి వచ్చిన వారి సంతతి ఆ ప్రాంతమంతటా స్థిరపడింది.

సందర్శకుడు తప్పక చూడదగినవి రెండు గ్రంథాలయాలు. ఒకటి 1653లో స్థాపితమైన చీతం గ్రంథాలయం. రెండవది ప్రత్తి వర్తకుడు జాన్ రైలాండ్స్ స్మృతికి ఆయన భార్య నిర్మింపజేసి, 1900లో ప్రజలకు తెరచినది. అందులో అరబ్బీ, పారశీక వ్రాతప్రతులు కూడా భద్రంగా ఉన్నాయి. ప్రత్తి సంపాదించిన ధనంలో పుస్తకాలకు వెచ్చించిన భాగం మిల్లులకంటె దీర్ఘాయువు పొందింది.

ఐతే ఈ పునర్జన్మను చూచి మురిసిపోరాదు. పాత మిల్లును బాగుచేసి కట్టిన ఇంట్లో కాపురముండేవారు, అందులో చెమటోడ్చినవాని మనుమలే కానక్కరలేదు. గోడలు నిలిచినంత మాత్రాన బ్రదుకులు నిలిచినట్లు కాదు.

1934లో వరంగల్లులో నెలకొన్న ఆజంజాహీ మిల్లు కూడా మూతపడింది. అటువంటి మిల్లులలో పనిచేసిన పెద్దలు మన వీధులలో ఇంకా ఉన్నారు. వారి చెంత కూర్చుండి వారి అనుభవాలను వ్రాసి భద్రపరచడం విద్యార్థులకు సాధ్యమే. అందుకు కావలసినవి ఒక నోటుపుస్తకం, కొంచెం ఓపిక.