చేలోంచి ఇంటికొచ్చాక మొదటి గంట

నేను ఎ.ఎన్.ఎం.గా పనిచేసిందంతా నల్లరేగడి ఊళ్ళలోనే: చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి చుట్టుపక్కల. ఒళ్ళు మంటనీ, దురదనీ, మచ్చలనీ వచ్చేవాళ్ళకు కొదవుండేది కాదు. “ఏ క్రీము రాయాలమ్మా?” అని అడిగేవాళ్ళు. “చేలోంచి రాగానే ఏం చేస్తున్నావు?” అని నేను ముందు అడిగేదాన్ని. సగం జబ్బు ఆ జవాబులోనే తెలిసిపోయేది.

1. మిరప మంటకు ముందు నూనె, తర్వాతే నీళ్ళు

జనవరిలో కోతలు మొదలైతే ఏప్రిల్ దాకా ఆడవాళ్ళ చేతులకు తెరిపి ఉండదు. చేలో కోత, కల్లంలో తాలుకాయల ఏరివేత, గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీయడం. తేజ రకమైతే రాత్రి పడుకున్నా అరచేతులు భగభగలాడతాయి. ఆ మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని చెంబులు పోసుకున్నా లాభం ఉండదు. వేన్నీళ్ళు పోస్తే మంట ఇంకా రేగుతుంది. వేరుశనగ నూనె దండిగా పట్టించి, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది, పాతగుడ్డతో తుడిచేసి, అప్పుడు సబ్బూ చల్లటి నీళ్ళూ. ఒకసారికి పోకపోతే మళ్ళీ.

చంటిబిడ్డల తల్లులకు ఇంకో మాట. చేతులూ రొమ్మూ కడుక్కుని, రవిక మార్చుకునే దాకా బిడ్డ ఎంత ఏడ్చినా అందుకోవద్దు. ఆ కొద్దిసేపు అత్తగారో ఆడబిడ్డో ఎత్తుకోవాలి.

2. పత్తి మందు చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది

1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చిపెట్టింది. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు, అప్పులు మాత్రం మిగిలాయి. 2002లో బీటీ విత్తనం వచ్చాక కాయతొలిచే పురుగుకు కొట్టడం తగ్గినా, రసం పీల్చే పురుగులకు కొట్టడం ఆగలేదు.

మందు నోట్లో పడితేనే ప్రమాదమని చాలామంది నమ్మకం. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మం గుండా రక్తంలో కలుస్తాయి. ఎండకు చెమట పట్టిన ఒంట్లోకి ఇంకా తొందరగా దిగుతాయి. గజ్జల్లాంటి పల్చటి చర్మమైతే మరీ. పంపు కారి వీపు తడిసిన చొక్కాతోనే అన్నం తిని, చెట్టుకింద కునుకు తీసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ.

గాలికి ఎదురు నిలిచి కొట్టకండి. మందు కర్రతో కలపండి, చేత్తో కాదు. ఇంటికి రాగానే, పిల్లల్ని ముట్టుకోకముందే, సబ్బుతో తలస్నానం చెయ్యండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఉతికే ఇల్లాలి చేతులకూ తొడుగులు కావాలని మగవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. వాంతులు, మసక చూపు, ఆగని చొంగ కనిపిస్తే బట్టలు తీసేసి, ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

3. నడక కూర్చునేవాళ్ళకు

నడక చర్మానికి మేలే, కానీ రోజంతా నడుం వంచి కలుపు తీసిన మనిషిని సాయంత్రం మళ్ళీ నడవమని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ ఒంటికి కావలసింది నీడ, నీళ్ళు, నిద్ర. నడక కావలసింది మిర్చి యార్డులో గుమాస్తాలకు, ఎరువుల కొట్టులో కూర్చునేవాళ్ళకు, పొలం కౌలుకిచ్చి గుంటూరులోనో ఒంగోలులోనో ఉండేవాళ్ళకు. కండలు కదిలితే చర్మానికి రక్తం బాగా పారుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 65 ఏళ్ళు దాటిన, కదలిక తక్కువైన మనుషుల చేత వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలలు వ్యాయామం చేయించారు. ఎండ సోకని చోటి నుంచి చర్మం తీసి పరీక్షిస్తే అది వయసు తగ్గినట్టు కనిపించిందని 2015లో ప్రచురించారు.

ఎండ సోకని చోట అన్న మాట మనకు ముఖ్యం. రెంటచింతల ఎండలు పేపర్లకెక్కే మే నెలలో తొమ్మిదింటికి నడక మొదలెడితే వ్యాయామం చేసిన మేలు ఎండ పాడు చేస్తుంది. తెల్లారేసరికి ఇంటికి చేరాలి. చేరాక తడి బనీనుతోనే అరుగు మీద పేపరు చదువుతూ కూర్చుంటే చెమటకాయలు తప్పవు. ముందు స్నానం, పొడి బట్ట.

4. తామరకు కొట్టువాడిచ్చిన ట్యూబు వద్దు

ఆరని లుంగీ, బిగుతు జీన్సు, ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాలు. తామర ఒకరి నుంచి ఒకరికి పాకేది ఇలాగే. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన నాలుగురోజులు దురద అణిగి, తర్వాత తామర మరింత వెడల్పవుతుంది. చర్మం పల్చబడి చారలు పడతాయి. డాక్టరు చీటీ లేకుండా ఈ స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చినా అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. పెళ్ళికి ముందు తెల్లబడాలని ముఖానికి ఇవే రాసుకునే ఆడపిల్లలను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. తల్లులూ, దయచేసి ఆపండి.

5. బోరునీళ్ళ ఊళ్ళలో

నాగార్జునసాగర్ కుడి కాలువ అందని కనిగిరి, పొదిలి వైపు ఊళ్ళలో బోరునీళ్ళకు సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు పళ్ళనూ ఎముకలనూ తింటుంది గనక తాగడానికి శుద్ధి చేసిన నీళ్ళే వాడాలి. ఉప్పునీటి స్నానంతో చర్మం పొడిబారి పగులుతుంది. సబ్బు తక్కువ వాడి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పల్చగా రాయండి. షుగరు ఉన్నవాళ్ళు మడమల పగుళ్ళను రోజూ రాత్రి చూసుకోవాలి, చేలోకి వట్టికాళ్ళతో దిగకూడదు.

6. నొప్పిలేని మచ్చ

మంటా దురదా ఉంటే మనిషి తనంతట తానే వస్తాడు. రాగిరంగులోనో పాలిపోయో ఉండి, గిల్లినా తెలియని మచ్చను మాత్రం ఏళ్ళ తరబడి దాచుకుంటాడు. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. ఆరు నెలలో ఏడాదో మింగితే పోతుంది, మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటదు. స్నానం చేసేటప్పుడు భార్య భర్త వీపు, భర్త భార్య వీపు చూడండి. అనుమానం ఉంటే మర్నాడే ఆశా కార్యకర్తకు చెప్పండి.