పల్నాటి రాయికో రికార్డు

మాది పల్నాడులోని దాచేపల్లి. క్లాసులో ఊరి పేరు చెబితే మిర్చి, పత్తి, నడికుడి జంక్షన్, ఈ మూడే అందరికీ గుర్తొస్తాయి. నాలుగోది సున్నపురాయి. ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలకి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకి వెళ్తున్న మా పల్నాటి సున్నపురాయి మీదే దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అమరావతి శిల్పులు బుద్ధుడి కథలు చెక్కారు. పుస్తకాల్లో దీన్ని ‘పల్నాడు మార్బుల్’ అంటారు గానీ ఇది పాలరాయి కాదు, సున్నపురాయే.

ఆ శిల్పాల్లో 120కి పైగా ఇవాళ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో చాలా ఉన్నాయి. పారిస్‌లోని గిమే మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. ‘మనవి మనకి ఎప్పుడిస్తారు?’ అన్న చర్చ మీరు వినే ఉంటారు. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. వస్తువు ఎక్కడున్నా సరే, దాన్ని చూసే వీలు, దాని ఫోటో వాడుకునే హక్కు, దాని వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయి? యూరప్ దీని మీద చాలా పని చేసింది. అందులో మనకి పనికొచ్చేది ఏంటో చూద్దాం.

రాయి ఎలా వెళ్ళింది?

1790ల చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు, రాళ్ళ కోసం తవ్విన దిబ్బలో ఈ శిల్పాలు బయటపడ్డాయి. సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి తన మనుషులతో బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా శిల్పాల్ని మద్రాసు పంపాడు. అవి అక్కడ ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ బయటే పడి ఉన్నాయి. 1859లో లండన్‌కి ఓడ ఎక్కాయి. అక్కడా వెంటనే గౌరవం దక్కలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఒక బండ్ల షెడ్డులో చూశాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఇక్కడ గమనించాల్సింది మెకంజీ గీయించిన బొమ్మలు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోని కొన్ని శిల్పాలు ఇవాళ ఎక్కడా లేవు. పగిలాయో, కాల్చి సున్నం చేశారో, రాయి మాత్రం పోయింది, కాగితం మిగిలింది.

యూరప్ ఏం చేసింది?

ముందుగా, అన్నీ ఒకచోట వెతుక్కునేలా చేసింది. యూరోపియన్ యూనియన్ 2008 నవంబర్ 20న ‘యూరోపియానా’ అనే పోర్టల్ మొదలుపెట్టింది. మనవాళ్ళకి నచ్చే విషయం ఏంటంటే, మొదలైన రోజే ట్రాఫిక్ తట్టుకోలేక సర్వర్లు పడిపోయాయి. పాత వస్తువులు ఎవరు చూస్తారులే అనుకునేవాళ్ళకి అదే జవాబు. యూరోపియానా వస్తువుల్ని దాచదు. వేరు వేరు దేశాల మ్యూజియాలు, లైబ్రరీలు ఇచ్చే మెటాడేటాని ఒకే పద్ధతిలోకి తెచ్చి, ఒక్క సెర్చ్ పెట్టెలో దొరికేలా చేస్తుంది. వస్తువు దాని ఇంట్లోనే ఉంటుంది, మన చేతికి దాని చిరునామా వస్తుంది.

రెండోది హక్కుల సంగతి. అమరావతి శిల్పి పోయి పద్దెనిమిది వందల ఏళ్ళు దాటింది, ఆయన పనికి కాపీరైట్ లేదు. మరి ఆ శిల్పానికి మ్యూజియం తీసిన ఫోటోకి? బ్రిటిష్ మ్యూజియం తన ఫోటోల్ని క్రియేటివ్ కామన్స్‌లో ‘పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చి వాడితే అదే లైసెన్సు ఇవ్వాలి’ అనే రకం కింద ఇస్తోంది. అంటే మన క్లబ్ పత్రికలో ఉచితంగా వేసుకోవచ్చు. కానీ గుంటూరులో ఒక ప్రచురణకర్త అమరావతి మీద తెలుగు పుస్తకం వేసి అమ్మాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి.

యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన కాపీరైట్ డైరెక్టివ్‌లో 14వ ఆర్టికల్ సరిగ్గా ఈ ముడినే విప్పింది. కాపీరైట్ గడువు తీరిన దృశ్యకళకి ఉన్నదున్నట్టు తీసిన ఫోటో మీద కొత్తగా కాపీరైట్ పుట్టదు అంది. ఫోటోలో సొంత సృజన ఉంటే అది వేరు. బ్రిటన్ 2020 జనవరిలో యూనియన్ నుంచి బయటికొచ్చి, ఈ డైరెక్టివ్‌ని అమలు చేయలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అయితే చట్టం వచ్చేదాకా ఆగలేదు. 2012 నుంచే తన బొమ్మల్ని పెద్ద సైజులో ఉచితంగా ఇస్తోంది.

మూడోది, తిరిగివ్వడం. ఇక్కడ పాలసీ గట్టిగా అడ్డుపడుతుంది. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, కొన్ని చిన్న మినహాయింపులు తప్ప, ట్రస్టీలు తమ వస్తువుల్ని ఎవరికీ ఇచ్చేయలేరు. చట్టం మారితే తప్ప అమరావతి రాళ్ళు కదలవు. అందాకా మన చేతికి వచ్చేది ఫోటో, వివరం. అందుకే ఆ ఫోటో మీద ఎవరికి ఎంత హక్కు అన్నది చిన్న విషయం కాదు.

రికార్డు ఉంటే రాయి తిరిగొస్తుంది

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి సైట్ మ్యూజియంలో ఉండాల్సిన ఒక సున్నపురాయి శిల్పాన్ని, బుద్ధుడికి మొక్కుతున్న భక్తుల బొమ్మని, నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర కొన్నది. అది చందవరంలో ఉండగా తీసిన ఫోటో ఒకటి తర్వాత బయటపడింది. 2016లో ఆస్ట్రేలియా ఆ శిల్పాన్ని భారత్‌కి అప్పజెప్పింది.

ఆ ఫోటో లేకపోతే? ‘ఇది మాది’ అనడానికి ఆధారం ఏముండేది? నా లెక్కలో హెరిటేజ్ పాలసీ అంతా ఇక్కడ మొదలవుతుంది. కాపలాదారు, తాళం, గాజు పెట్టె, అన్నీ కావాలి. కానీ అవన్నీ విఫలమైన రోజు పనిచేసేది రికార్డు ఒక్కటే.

మన దగ్గర పని మొదలవలేదని కాదు. పుణె సీడాక్ చేసిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్‌తో ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్ నడుస్తోంది, అందులో నాగార్జునకొండ మ్యూజియం కూడా ఉంది. కానీ అది మ్యూజియం లోపలున్న వాటికి. పల్నాడులో ఊరి బయట నిలబడ్డ వీరగల్లు సంగతి, గుడి గోడకి సున్నం కొట్టేసిన శాసనం సంగతి ఏంటి?

మనం చేయగలిగింది

దీనికి కొత్త స్కీమా కనిపెట్టక్కర్లేదు. ‘ఆబ్జెక్ట్ ఐడీ’ అనే అంతర్జాతీయ పద్ధతి 1997 నుంచే ఉంది. పోలీసులు, కస్టమ్స్, మ్యూజియాలు అందరికీ అర్థమయ్యేలా చేసింది అది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్క రాయికి ఈ వివరాలు రాస్తే చాలు:

• ఫోటోలు: ఎదురుగా, పక్కల నుంచి, పక్కన స్కేలు పెట్టి
• ఏం వస్తువు, ఏ రాయి
• ఎత్తు, వెడల్పు, మందం
• అక్షరాలు ఉంటే దగ్గరగా తీసిన ఫోటో
• విరిగిన ముక్క, పగులు, మచ్చ (దొంగ చెరపలేని గుర్తు ఇదే)
• చెక్కిన బొమ్మ ఏంటి, ఊళ్ళో దాన్ని ఏమని పిలుస్తారు

చివరిది చాలా ముఖ్యం. లండన్ కేటలాగులో కొలతలు ఉంటాయి, కానీ మీ అమ్మమ్మ ఆ రాయిని ఏ పేరుతో పిలుస్తుందో అందులో ఉండదు.

రెండు జాగ్రత్తలు. రాయిని కడగొద్దు, సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు. రెండోది, అందరికీ అందుబాటు అంటే అన్నీ బయట పెట్టేయడం కాదు. కాపలా లేని రాయి ఫోటోని లొకేషన్‌తో సహా ఇన్‌స్టాలో పెడితే, అది దొంగకి మ్యాప్ ఇచ్చినట్టే. ఫోటోలోని జీపీఎస్ డేటా తీసేసి, కచ్చితమైన చోటు వేరే ఫైల్లో ఉంచి, దాన్ని పురావస్తు శాఖకి మాత్రమే ఇవ్వండి.

డేటాబేస్ క్లాసులో మనం ఊహించుకున్న లైబ్రరీకి, ఊహించుకున్న హాస్పిటల్‌కి టేబుళ్ళు గీస్తుంటాం. వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఒక నిజమైన మండలం తీసుకుందాం. నా వంతు దాచేపల్లి. మీ మండలం పేరు క్లబ్‌కి చెప్పండి.