మాస్కుల యంత్రమును కొనదలచిన వారికి

యమునకు తూర్పున, వికాస్ మార్గ్‌నకు ప్రక్కగా నున్న లక్ష్మీనగర్ ఢిల్లీలోని మిక్కిలి ఇరుకైన పేటలలో నొకటి. క్రింద దుకాణము, దానిపై విద్యార్థుల గదులు, ఆపైన సంసారములు. ఇట్టి చోట ఒక గది అద్దెకు పుచ్చుకొని, మాస్కులు తయారుచేయు స్వయంచాలక యంత్రమును నెలకొల్పదలచు వారు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. చాలమంది యంత్రపు వెల నడిగి సరిపెట్టుకొందురు. అసలు విచారింపవలసినది వేరు.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు మాస్కులకు కరవు వచ్చెను. ఆ యేడు మార్చి 13న కేంద్రప్రభుత్వము వానిని నిత్యావసర వస్తువులలో చేర్చెను. ఆ నెలలోనే మూడు పొరల మాస్కు వెల 10 రూపాయలకు మించరాదని కట్టడి చేసెను. గిరాకీని చూచి పలువురు యంత్రములు కొనిరి. వ్యాధి తగ్గి, 2022లో ఢిల్లీలో మాస్కు నిర్బంధము తొలగిన పిమ్మట ఆ గిరాకీ నిలువలేదు. నేడు కొనువాడు ఈ లెక్క చూచుకొనవలెను: నిమిషమునకు 100 మాస్కులు చేయు యంత్రము ఎనిమిది గంటలలో 48,000 చేయును. నూరు మంచముల ఆసుపత్రి యైనను ఒక్క దినమున ఇన్నింటిని వాడజాలదు. శీతకాలపు పొగకు ఢిల్లీవాసులు కొనుక్కొనుచున్నారు గదా యనవచ్చును. పొగకు పనికివచ్చునది ముఖమున కంటుకొని యుండు ఎన్-95 రకము. దానిని చేయు యంత్రము వేరు.

యంత్రము పని ఇట్లుండును. మూడు చుట్టల గుడ్డ ఒకేసారి విప్పుకొని వచ్చును. ముక్కుమీద వంచుకొనుటకైన తీగ పైయంచున దూరును. తరువాత మడతలు పడును. చెవికి వినరాని అతిధ్వని కంపనములచే అంచులు కరగి అతుకుకొనును. దారముతో గాని జిగురుతో గాని పని లేదు. కత్తి తుండు చేసిన పిదప చెవి పట్టీలు అతుకబడును. యంత్రము తరచుగా ఆగునది ఇక్కడనే. విద్యుత్తు గాక ఒత్తిడిగల గాలి కూడ కావలెను. దానికి కంప్రెసరు వేరుగా కొనవలసి యుండును. బేరమాడునప్పుడు ఈ మాట పలుమారు మరుగున పడును.

ఇక ముఖ్యమైనది గుడ్డ. వెలుపలి పొర, లోపలి పొర స్పన్‌బాండ్ అను పాలీప్రొపిలీను గుడ్డతో చేసినవి. నడిమి పొర పేరు మెల్ట్‌బ్లోన్. కరగిన పాలీప్రొపిలీనును వేడిగాలితో ఊది తీసిన ఆ పోగులు తలవెండ్రుక కంటె ఎన్నో రెట్లు సన్నని. వానికి విద్యుదావేశ ముండును. కావున అవి సూక్ష్మబిందువులను వలవలె అడ్డుటయే గాక లాగి పట్టుకొనును. యంత్రమునకు ఈ భేదము తెలియదు. నడుమ వట్టి స్పన్‌బాండ్ చుట్ట నెక్కించినను అదే వేగముతో, అదే నునుపుతో మాస్కులను దింపును. క్షయరోగి అట్టి దానిని ధరించి ఇంట మసలినచో, ఆ ఇంటి పసిబిడ్డను కాపాడుచున్నామను భ్రమ తప్ప వేరేమియు మిగులదు.

గుడ్డ అమ్మువాని మాటతో తృప్తిపడరాదు. మాస్కును కత్తిరించి, నడిమి పొరను చిన్న కాగితపు తునకలకు దగ్గరగా పట్టినచో మంచి గుడ్డ వానిని తనవైపు లాగును. నిప్పు చూపినప్పుడు కాగితపు పొర కాలి బూడిదయగును. మెల్ట్‌బ్లోన్ కరగి ముద్దయగును. ఇవి మోటు మోసమును పట్టుటకే. నాణ్యమును నిర్ణయింపవలసినది ప్రయోగశాల. 2014లో వెలువడిన ఐ.ఎస్. 16289 అను భారతీయ ప్రమాణము ననుసరించి, మాస్కు సూక్ష్మజీవులను ఎంతవరకు అడ్డునో, ఊపిరికి ఎంత సులువో రెండును అచట పరీక్షింతురు. నడిమి గుడ్డపై స్పిరిట్ చల్లి శుభ్రపరచితిమనుకొనువారు దాని ఆవేశమును చేజేతుల పోగొట్టుకొందురు.

గది విషయము తేలికగా చూడరాదు. 2010 నవంబరు 15న ఈ లక్ష్మీనగర్‌లోనే, లలితాపార్కు భాగమున, అంతస్తులపై అంతస్తులుగా లేచిన యొక ఇల్లు కూలి అరువదిమందికి పైగా మరణించిరి. బరువైన యంత్రమును, అదియు దినమంతయు అదరుచుండు దానిని, పై అంతస్తున పెట్టుట క్రింద నిదురించువారి ప్రాణములతో చెలగాటము. నివాసపు పేటలో ఎట్టి యంత్రమునకు అనుమతి కలదో నగరపాలక సంస్థను లిఖితముగా అడుగవలెను. అనుమతి లేనిచో పత్పర్‌గంజ్ పారిశ్రామికవాడ దూరమేమియు కాదు.

పనివారు చేతులు కడుగుకొని, తలకు టోపి పెట్టుకొని పనిలో దిగవలెను. చెవి పట్టీ చిక్కుకొన్నప్పుడు యంత్రము నాపకయే వ్రేలు దూర్చు అలవాటును మొదటి దినముననే మాన్పింపవలెను. గంటకొకసారి కొన్ని మాస్కులను తీసి పట్టీలను లాగి చూడవలెను. పెట్టెపై తయారైన తేదీ, ఏ చుట్ట గుడ్డతో చేసినదో తెలుపు సంఖ్య ఉండవలెను. తరువాత తప్పు బయటపడినచో ఆ పెట్టెలనే వెనుకకు రప్పింపవచ్చును.

యంత్రమునకు కడపటి సొమ్ము చెల్లించుటకు ముందు, అమ్మువాడు తెచ్చిన గుడ్డతో గాక తాను వాడబోవు గుడ్డతోనే ఒక పూట నడిపించి, చెడినవి ఎన్నియో లెక్కించి, ఆ లెక్కపై అమ్మువానిచే సంతకము చేయించుకొనవలెను.