ఆఫీసుకు ఎన్ని రోజులు? ప్రకటనలోనే చెప్పండి

మా కాపెల్ నుంచి అర్వింగ్, ప్లేనో, డాలస్ ఆఫీసులకు కారులో రోజూ వెళ్ళి రావచ్చు. ఆస్టిన్‌కు మాత్రం కుదరదు.

నేను కన్సల్టెంటుగా ఒక కంపెనీ కోసం ఇంటర్వ్యూలు చేశాను. మూడు రౌండ్లూ నెగ్గిన తెలుగమ్మాయి ఆఫరు వద్దంది. జీతం నచ్చక కాదు. రిమోట్ అని ప్రకటించిన ఉద్యోగానికి, చివర్లో వారానికి నాలుగు రోజులు ఆస్టిన్ రావాలన్నారు! పిల్లల బడి ఇక్కడ. పైగా ఆమెది హెచ్-1బి వీసా.

2015 నాటి సిమియో తీర్పు ప్రకారం, పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలి. కాపెల్ నుంచి ప్లేనోకి మారితే అక్కర్లేదు, రెండూ ఒకే మెట్రో ప్రాంతం. ఆస్టిన్ వేరు.

రోజుల లెక్క ఉద్యోగులకు ఎంత ముఖ్యమో నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ట్రిప్.కామ్‌లో పరీక్షించి, 2024లో నేచర్ పత్రికలో ప్రచురించింది. 1,612 మందిలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ళ రాజీనామాలు మూడోవంతు తగ్గాయి. పనితీరు తగ్గలేదు.

ఆఫీసుకు రమ్మనడం తప్పు కాదు, కొత్తవాళ్ళు పక్కన కూర్చునే పని నేర్చుకుంటారు. దాచడమే తప్పు. ఉద్యోగం ఇచ్చేవారైతే ఏ ఊరు, ఎన్ని రోజులు అన్నది ముందే రాయండి. వెతుక్కునేవారైతే మొదటి ఫోన్‌లోనే అడిగి, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.