మన్యం జ్వరం – అంటుకునే ప్రొటీను

మన శ్రీకాకుళం వైపు పల్లెల్లో "మన్యం జ్వరం" అన్న మాట వినని వాళ్ళుండరు. మాది వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం. మా ఊరి పెద్దలు చింతపండు బేరానికి సీతంపేట సంతకు వెళ్ళి, తిరిగొచ్చాక వణుకుతూ దుప్పటి కప్పుకుంటే "కొండగాలి తగిలింది" అనేవారు. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన సంగతి మనం హైస్కూల్లోనే చదువుకున్నాం. అయితే మలేరియా వచ్చిన వాళ్ళంతా చనిపోరు కదా! కొందరికి మాత్రం జ్వరం తలకెక్కి, స్పృహ తప్పి, చూస్తుండగానే ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకని? జీవరసాయన విద్యార్థిగా నన్ను పట్టుకు వదలని ప్రశ్న ఇదే.

ప్రాణాంతకమైన మలేరియాకు ముఖ్య కారకం ప్లాస్మోడియం ఫాల్సిపారం. ఇది ఎర్ర రక్తకణంలో దూరి, సుమారు 48 గంటల్లో పెరిగి పిల్లలు పెడుతుంది. మొదటి సగం కాలం ఆ కణం మామూలుగానే రక్తంలో తిరుగుతుంది. తర్వాత పరాన్నజీవి తన ప్రొటీనొకదాన్ని కణం పైపొర మీదికి పంపుతుంది. అక్కడ చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. ఇక ఆ కణం సన్నని రక్తనాళాల లోపలి గోడకు అంటుకుపోతుంది. పొలంగట్టు మీద నడిస్తే పంచె అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయే, అలాగన్నమాట. ఇందులో పరాన్నజీవికి లాభముంది. చెడిన కణాలను ఏరి పారేసే ప్లీహం దాకా పోకుండా తప్పించుకుంటుంది. నష్టం మనిషికి. తూముకు చెత్త అడ్డుపడితే కింది పొలానికి నీరందనట్టే, మెదడులోని సన్న నాళాలు పూడుకుపోతే అక్కడికి ప్రాణవాయువు అందదు.

మరి గోడవైపు నుంచి పట్టు ఇచ్చేదెవరు? అలా పట్టు ఇచ్చేవాటిలో ఒకటి ఐకామ్-1 అనే మానవ ప్రొటీను. ఇది ఉన్నది మలేరియా కోసం కాదు. ఒంట్లో ఎక్కడైనా వాపు వస్తే, రక్తంలో పోతున్న తెల్లకణాలు ఆగి గోడ దాటి అక్కడికి చేరాలి. వాటికి ఆనిక ఇవ్వడమే దీని పని. తెల్లకణం తన ఎల్.ఎఫ్.ఏ.-1 ప్రొటీనుతో దీన్ని పట్టుకుంటుంది. పుట్టుకతోనే తెల్లకణాలకు ఆ పట్టు లోపించిన పిల్లలు కొద్దిమంది ఉంటారు. వాళ్ళకు అంటురోగాలు మాటిమాటికీ వస్తాయి, పుండు పడితే చీము పట్టదు. అంటే ఈ పట్టు లేనిదే మనకు బతుకు లేదు. ఇదే పట్టును ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు కూడా వాడుకుంటున్నాయని 1989లో తేలింది. అదే సంవత్సరం, జలుబు తెప్పించే రైనోవైరసుల్లో ఎక్కువ భాగం కణంలోకి దూరేది కూడా ఐకామ్-1 ద్వారానే అని బయటపడింది.

రక్తనాళం గోడ మీద ఎన్నో రకాల ప్రొటీనులుంటాయి. ఏది ఎంత పట్టుకుంటోందో తెలియాలంటే ఒక్కొక్కదాన్నే విడిగా తీసి చూడాలి. ఇక్కడే రికాంబినెంట్ ప్రొటీను అవసరం వచ్చింది. ఐకామ్-1కు కణం బయట అయిదు భాగాలు, పొరలో ఒక ముక్క, లోపల చిన్న తోక ఉంటాయి. బయటి భాగానికి సంబంధించిన జన్యువును మాత్రం తీసుకుని, ప్లాస్మిడ్ అనే డి.ఎన్.ఏ. చుట్టలో చేర్చి, ప్రయోగశాలలో పెంచే మానవ కణాల్లోకో, చైనా హామ్‌స్టర్ అండాశయ కణాల్లోకో పంపుతారు. పొరలో నాటుకునే ముక్క లేదు గనుక తయారైన ప్రొటీను పెంపకపు ద్రవంలోకి వచ్చేస్తుంది. బాక్టీరియాలో చేస్తే చవక కదా అంటారేమో! ఐకామ్-1కు చక్కెర గొలుసులు ఎక్కువ. మన కణాలు వాటిని తగిలించే విధంగా ఇ. కోలై తగిలించలేదు. ప్రొటీను చివర ఆరు హిస్టిడీనులను చేరిస్తే, నికెల్ ఉన్న గొట్టంలో అది ఆగుతుంది, మిగతావి కారిపోతాయి. ఇలా శుద్ధిచేసిన దాన్ని ఆరబెట్టి, మైక్రోగ్రాముల లెక్కన సీసాల్లో అమ్ముతారు.

ఇక పరీక్ష. ప్లాస్టిక్ పళ్ళెం మీద ఈ ప్రొటీను చుక్క వేసి ఆననిస్తారు. ఖాళీ ఉన్నచోట ఆల్బుమిన్‌తో కప్పుతారు. సోకిన ఎర్రకణాలను పోసి, కాసేపుంచి, మెల్లగా కడిగి, జీంసా రంగు వేసి సూక్ష్మదర్శినిలో లెక్కపెడతారు. పక్కనే రెండు చుక్కలు తప్పనిసరి: ఒకటి ఉత్త ఆల్బుమిన్ మీద సోకిన కణాలు, రెండోది ఐకామ్-1 మీద సోకని కణాలు. ఈ రెండూ లేకుండా ఎన్ని కణాలు లెక్కపెట్టినా ఆ అంకెకు అర్థం లేదు.

ఇంత శ్రమ ఎందుకంటారా? తీవ్ర మలేరియా మీద ఆసియాలో 1,461 మంది రోగులతో జరిగిన ఒక పరిశోధన 2005లో వెలువడింది. మన పొరుగున ఒడిశాలోని రూర్కెలా రోగులు కూడా అందులో ఉన్నారు. క్వినైన్ ఇచ్చిన వారిలో 22 శాతం, ఆర్టిసునేట్ ఇచ్చిన వారిలో 15 శాతం చనిపోయారు. మందు మెరుగైనదే, కాని అది పరాన్నజీవిని చంపేలోపే ప్రాణం పోతున్నవాళ్ళు ఇంకా మిగిలారు. ఆ కొద్ది గంటల్లో అంటుకున్న కణాలను విడిపించగలమా అన్నదే అసలు సమస్య.

దీనికి సులభమైన జవాబు లేదు. ఐకామ్-1ను పూర్తిగా మూసేస్తే తెల్లకణాల దారీ మూసుకుంటుంది. పైగా పట్టు ఒక్కటే కాదు. సి.డి.36 ఉంది, 2013లో ఇ.పి.సి.ఆర్. అనే మరో ప్రొటీనూ తోడైంది. పళ్ళెంలో ద్రవం కదలదు, నాళంలో రక్తం పరుగెడుతుంది. అందుకే ఆ సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉంటుంది. అది మందు కాదు, ఒంట్లోకి ఎక్కించేది అంతకన్నా కాదు. పచ్చకామెర్ల టీకా కోసం శాంతా బయోటెక్నిక్స్ ఈస్టులో తయారుచేసి 1997లో విడుదల చేసిన రికాంబినెంట్ ప్రొటీను ఒంట్లోకి ఎక్కించడానికి ఉద్దేశించినది. తయారీ పద్ధతి ఒకే కోవది, ఉపయోగం వేరు.

మన కళాశాలలో మన్యం నుంచి వచ్చి చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. ఈ జ్వరం సంగతి వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. జీంసా రంగు, సూక్ష్మదర్శిని మన ప్రయోగశాలలోనూ ఉన్నాయి. ముందుగా, రంగు వేసిన మలేరియా స్లైడు ఒకటి తీసి చూడండి. ఉంగరాల్లాంటి లేత పరాన్నజీవులే ఎక్కువ కనిపిస్తాయి, ముదిరినవి అరుదు. అవి ఎక్కడికి పోయాయో ఈ వ్యాసం చదివిన వాళ్ళు చెప్పగలరు.