పాత రోడ్‌స్టర్‌కి కొత్త హంగులు: అనుభవ పాఠాలు

2008 నుంచి 2012 దాకా టెస్లా అమ్మిన తొలి రోడ్‌స్టర్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 2,450. అందులో ఒకటి కాలిఫోర్నియాలో మా గరాజులో ఉంది. మొన్నామధ్య మా మేనల్లుడూ ఎవరి దగ్గరో పాతది ఒకటి కొన్నాడు. కొన్న వారంలోనే ఫోను. "మావయ్యా, స్టీరియో మార్చేస్తున్నా. మ్యాపులకి పెద్ద తెర పెట్టిస్తున్నా. ఇంకేమేం బిగించమంటావ్?" ముందు ఏం బిగించకూడదో విను అని మొదలుపెట్టి వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాది పవర్ ఎలక్ట్రానిక్స్. అక్కడక్కడా వాట్ల లెక్కలు దొర్లుతాయి, ఓర్చుకోండి.

1. మళ్లీ విప్పడానికి వీలున్నదే బిగించండి.

ఈ కారు తయారయ్యేనాటికి ఐఫోను వచ్చి ఏడాది. అప్పటి స్టీరియో అంటే సీడీ, రేడియో, మహా అయితే చిన్న మ్యాపు తెర. తర్వాత బ్లూటూత్ మామూలైపోయింది. 2014లో యాపిల్ కార్‌ప్లే, ఆ మరుసటేడు ఆండ్రాయిడ్ ఆటో వచ్చాయి. ఇప్పుడు వాటికి వైరు కూడా అక్కర్లేదు. ఇన్ని మారినా కారు మాత్రం అలాగే ఉంది. ఇంగ్లండులోని హెథెల్‌లో లోటస్ వాళ్లు కట్టిన అల్యూమినియం చట్రం, దాని మీద కార్బన్ ఫైబర్ ఒళ్లు, వెనక ఏసీ ఇండక్షన్ మోటారు, వేటికీ వయసు కనిపించదు. ఇవాళ మీరు ముచ్చటపడి పెట్టించే తెర ఐదారేళ్లలో పాతబడుతుంది, అప్పుడు దాన్ని పీకేది మీరో, మీ దగ్గర కారు కొన్నవాడో.

కాబట్టి కంపెనీ వైర్లు కత్తిరించనివ్వకండి. పాత ప్లగ్గుకి అతికే అడాప్టర్ హార్నెస్ దొరుకుతుంది. దొరక్కపోతే చేయించుకోండి, ఆ ఖర్చు దండగ కాదు. "రెండు నిమిషాల్లో కట్ చేసి టేపు చుట్టేస్తాం సార్" అనే షాపు నుంచి తాళం చెవి వెనక్కి తీసుకుని వచ్చేయండి. తీసిన పాత స్టీరియోని, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేముని, స్క్రూలతో సహా డబ్బాలో పెట్టి పేరు రాసి దాచండి. రెండున్నర వేలు కూడా తయారుకాని కారిది. కొనేవాడు అసలు సామాను ఉందా అని తప్పకుండా అడుగుతాడు.

2. వెడల్పు కాదు, లోతు కొలవండి.

స్టీరియోల ముఖం కొలత ప్రపంచమంతా ఒక్కటే. సింగిల్ డిన్ అయితే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్‌కి ఎత్తు 100. అట్టపెట్టె మీద రాసేది ఇంతవరకే. డ్యాష్‌బోర్డు వెనక ఎంత చోటుందన్నది ఎవరూ రాయరు. పెట్టె వెనక్కి వచ్చే ప్లగ్గులు, వంగే వైర్లు ఇంకో రెండు మూడు అంగుళాలు తింటాయి. ఇంత ఇరుకు కారులో ఆ చోటు కోసం ఏసీ గొట్టాలతో పోటీ పడాలి. సీడీ యంత్రాంగం లేని పొట్టి పెట్టెలు కొంటే సగం గొడవ తప్పుతుంది. అన్ని రోడ్‌స్టర్ల డ్యాష్‌బోర్డూ ఒకటి కాదు. 2010లో వచ్చిన 2.5 మోడల్‌కి ఏడంగుళాల తెర, రివర్స్ కెమెరా ఆప్షన్‌గా ఇచ్చారు, అంతకు ముందువి వేరు. ఎవరో ఎక్కడో పెట్టించిన ఫొటో చూసి ఆర్డరు ఇచ్చేయకండి.

ఇంకోటి. సౌండు తగ్గించే గుండ్రటి మర ఉన్న పెట్టే తీసుకోండి. ఈ కారు సస్పెన్షన్ గట్టిది, రోడ్డు మీద ప్రతి అతుకూ నడుముకి తెలుస్తుంది. ఆ కుదుపులో తెర మీద సరైన చోట వేలు పెట్టడం మాటలు కాదు. పైకప్పు తీసి నడిపితే మెరుపు తెరలో మీ ముఖమే కనబడుతుంది. మెరుపు లేని, వెలుతురు ఎక్కువున్న తెర చూసుకోండి.

3. ఇంజిను లేదు కదా అని కారు కచేరీ హాలు అయిపోదు.

ఈ భ్రమ చాలామందికి ఉంది. ఇంజిను చప్పుడు లేకపోతే అంతకుముందు దాని వెనక దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. గుడ్డ కప్పు మీద గాలి రొద, గేరు పెట్టె సన్నటి ఈల, బ్యాటరీని చల్లబరిచే పంపు, అన్నిటినీ మించి టైర్ల హోరు. అల్యూమినియం చట్రం ఆ హోరుని ఏమాత్రం దాచుకోకుండా లోపలికి పంపుతుంది. అది మంద్రస్థాయిలో ఉంటుంది కాబట్టి పాటలో మంద్రాన్నే ముందు మింగేస్తుంది. ఫ్రీవే ఎక్కాక కచేరీ పెట్టి వినండి. గాత్రం, వయొలిన్ బాగానే వినిపిస్తాయి. మృదంగంలో కుడి చేతి చాపులు వినిపిస్తాయి, ఎడమ వైపు గుంకారం మాయం.

దీనికి మందు పెద్ద యాంప్లిఫయర్ అని షాపువాళ్లు అంటారు. అది తప్పు మందు. మొదటి డబ్బు బ్యుటైల్ రబ్బరు షీట్లకి పెట్టండి. స్పీకర్ చుట్టూ, తలుపు రేకు మధ్యలో, సీటు వెనక గోడకి, అంతే. మొత్తం అంటించేసి కారు బరువు పెంచితే స్పోర్ట్స్ కారు కొన్నదెందుకు? తర్వాత మంచి స్పీకర్లు. ఆ తర్వాతే క్లాస్-డి రకం చిన్న యాంప్. పాత క్లాస్-ఏబీ రకం తీసుకున్న కరెంటులో దాదాపు సగం వేడిగా పారబోస్తుంది, క్లాస్-డి నూటికి ఎనభై ఐదు పైనే పాటకి ఇస్తుంది. సబ్ ఊఫర్ అంటారా, సీటు వెనక పట్టే పల్చటిది ఒక్కటి చాలు. డిక్కీ అంతా ఆక్రమించే పెట్టె వద్దే వద్దు, ఆ డిక్కీలో పట్టేదే ఒక సంచి. ఘంటసాల పద్యాలు వినేవాళ్లకి అదీ అక్కర్లేదు.

"స్టీరియో వల్ల రేంజి పడిపోతుందా?" అని మేనల్లుడు అడిగాడు. లెక్క చూద్దాం. ఈ కారు బ్యాటరీ 53 కిలోవాట్-అవర్లు, అధికారిక రేంజి 244 మైళ్లు, అంటే 393 కిలోమీటర్లు. కిలోమీటరుకి సుమారు 135 వాట్-అవర్లు. పాటలకి సగటున 50 వాట్లు పోతాయనుకున్నా, గంటకి అరకిలోమీటరు కూడా తగ్గదు. ఏసీ, హీటర్ల ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర. హాయిగా వినండి.

మధ్యలో ఓ మాట. 2018 ఫిబ్రవరి 6న ఫాల్కన్ హెవీ రాకెట్టులో అంతరిక్షానికి పంపింది ఈ రకం కారునే. స్టీరియోలో డేవిడ్ బౌయీ పాట పెట్టి పంపామన్నారు. గాలి లేని చోట ఏ స్పీకరైనా ఒకటే, బ్యుటైల్ షీట్ల ఖర్చూ లేదు.

4. ఏఎం రేడియో మీద ఆశ వదులుకోండి.

బ్యాటరీ డీసీని మోటారుకి ఏసీగా మార్చే ఇన్వర్టరు క్షణానికి వేలసార్లు కరెంటుని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దాని రొద సరిగ్గా ఏఎం రేడియో ఉండే 530-1700 కిలోహెర్ట్జ్‌ల మధ్య పడుతుంది. యాక్సిలరేటరు తొక్కితే గరగర పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. కొన్ని కంపెనీలు తమ ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం తీసేసింది ఇందుకే. 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రం వింటూ పెరిగినవాణ్ని, నాకూ బాధే. ఫోనులో యాప్ పెట్టుకోవడమే దారి.

యాంప్ పెట్టాక ఎఫ్ఎంలోనూ, ఫోను పాటల్లోనూ సన్నటి కూత వస్తే మాత్రం అది వైరింగు లోపం, సరిచేయించుకోవచ్చు. ఎర్త్ అన్నిటికీ ఒకేచోట ఇవ్వాలి. పాట తెచ్చే వైరు ఒక పక్కనుంచి, కరెంటు తెచ్చే వైరు ఇంకో పక్కనుంచి నడపాలి.

5. నారింజ రంగు వైరు కనబడితే చెయ్యి వెనక్కి.

ఆ వైర్లలో ఉండేది సుమారు 375 వోల్టులు. 6,831 చిన్న సెల్స్ కలిసి ఇచ్చే శక్తి అది. కారు ఆపినా, తాళం తీసినా బ్యాటరీ లోపల అది అలాగే ఉంటుంది. హైవోల్టేజీ శిక్షణ లేని స్టీరియో మెకానిక్ అటువైపు ప్యానెల్ కూడా విప్పకూడదు.

మన పని 12 వోల్టుల వైపే, అక్కడా జాగ్రత్త కావాలి. ఆ 12 వోల్టుల ఏర్పాటు అన్ని మోడళ్లలో ఒకటి కాదు. ఊహతో తీగ కలపొద్దు. 2023 నవంబరులో టెస్లా ఈ కారు డిజైను, ఇంజినీరింగు పత్రాలు అందరికీ ఉచితంగా విడుదల చేసింది. ముందు మీ మోడల్‌కి సంబంధించినవి చదవండి. పెట్రోలు కారులో స్టార్టరుని తిప్పడానికి పెద్ద బ్యాటరీ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ పని లేదు గనక చిన్నది పెడతారు. ఐదు వాట్ల డ్యాష్‌క్యామ్ రాత్రింబవళ్లు నడిస్తే రోజుకి 120 వాట్-అవర్లు. 20 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 240. రెండ్రోజుల్లో ఖాళీ. కారు ఆపగానే ఆగిపోయే లైను నుంచే దానికి కరెంటు ఇవ్వాలి, ఫ్యూజు తప్పనిసరి, అదీ బ్యాటరీకి దగ్గర్లోనే.

అసలు బ్యాటరీ సంగతి ఇంకా నిక్కచ్చి. ఛార్జింగు పెట్టకుండా నెలల తరబడి వదిలేసి పూర్తిగా అడుగంటిన రోడ్‌స్టర్ బ్యాటరీలు మళ్లీ లేవలేదని, మార్చడానికి 40,000 డాలర్లని 2012లో అమెరికా పత్రికల్లో పెద్ద రభసే నడిచింది. ఊరెళ్లేటప్పుడు కారుకి ప్లగ్గు పెట్టి వెళ్లండి. ఏ హంగు కొన్నా కొనకపోయినా ఇది చేయండి.

6. మ్యాపు ఫోనుకే వదిలేయండి.

కారులో బిగించిన నావిగేషన్ అంటే నాకు ఇష్టం లేదు. కారణం ఒకటి కాదు.

జీపీఎస్ ఉపగ్రహాలు పాత పద్ధతిలో వారాల సంఖ్యని 1,024 వరకే లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాయి. 2019 ఏప్రిల్ 6న అలా సున్నాకి వచ్చింది. దానికి సిద్ధంగా లేని పాత యూనిట్లు ఒక్కసారిగా దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయాయి. తేదీ తప్పు, చేరే సమయం తప్పు. బాగుచేసే అప్‌డేట్లు ఎన్నిటికో రానే లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు, ఈ కారుకి టెస్లా సూపర్‌చార్జర్లు పనికిరావు. దీని ప్లగ్గే వేరు. 240 వోల్టులు, 70 ఆంపియర్లు దొరికితే మూడున్నర గంటల్లో నిండుతుంది. దారిలో మామూలు జే-1772 ఛార్జర్లే దిక్కు, వాటికి అడాప్టరు కావాలి. కాబట్టి కొనాల్సిన వస్తువుల్లో మొదటిది స్టీరియో కాదు, ఆ అడాప్టరు. ఏ ఛార్జరు ఎక్కడుందో, పనిచేస్తోందో లేదో చెప్పేది ప్లగ్‌షేర్ లాంటి ఫోను యాప్. కారు తెరకి ఇవేవీ తెలియవు. ఎత్తు సంగతీ అంతే. లాస్ ఏంజెలెస్ దారిలో టెహోన్ కనుమ నాలుగు వేల అడుగుల పైన, తాహో దారిలో డానర్ కనుమ ఏడు వేల పైన. మిగిలిన మైళ్లు ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఇంకోలా ఉంటాయి. కొండల్లో సిగ్నల్ ఉండదు, బయల్దేరే ముందే ఆ ప్రాంతం మ్యాపు ఫోనులోకి దించుకోండి.

జీపీఎస్ యాంటెనా ఎలాగూ పెట్టించాల్సి వస్తే దాన్ని కార్బన్ ఫైబర్ కింద దాచకండి. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది కనుక రేడియో తరంగాలకి అడ్డం. ముందు అద్దం కింద పెట్టండి. ఎండ కోసం ఆ అద్దానికి లోహపు పూత ఫిల్మ్ అంటిస్తే అదీ అడ్డమే.

మొబైల్ నెట్‌వర్కు మీద ఆధారపడే సామానుకి ఆయుష్షు ఇంకా తక్కువ. ఈ కారు యజమానులే మొదలుపెట్టిన ఓవీఎంఎస్ అనే పరికరం ఉంది, కారు ఎంత ఛార్జి అయిందో దూరం నుంచి ఫోనులో చూపిస్తుంది. చక్కటి పని. కానీ ఏటీ అండ్ టీ 2జీని 2017 తొలిరోజున, 3జీని 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. చవగ్గా దొరికిందని పాతది కొంటే అట్ట మీద బొమ్మ తప్ప ఏమీ మిగలదు. మోడెం ఏ తరం వాటిదో అడిగి కొనండి.

7. డ్రిల్లు బయటికి తీయనివ్వకండి.

ఈ చట్రం వెల్డింగ్‌తో కాదు, జిగురుతో అతికించింది. కెమెరాకనో, ఫోను స్టాండుకనో దానికి కన్నం వేస్తే ముక్కలు అతుక్కున్న చోటే బలహీనమవుతుంది. పైగా అల్యూమినియంలో ఇనుప స్క్రూ దిగితే, తేమ తగిలినచోటల్లా అల్యూమినియం తినేయబడుతుంది. కార్బన్, అల్యూమినియం తాకినా అదే గతి. ముందే ఉన్న కన్నాలు, క్లిప్పులు వాడుకోవాలి, లేదంటే రెండువైపులా అంటుకునే మంచి టేపు.

8. రివర్స్ కెమెరా పెట్టించండి.

నా దృష్టిలో ఇది ఒక్కటే తప్పనిసరి హంగు. నేలబారు కారు, వెనక అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అమెరికాలో కొత్త కార్లకి 2018 మే నుంచి ఇది చట్టం, ఈ కారు అంతకు ముందుది కనుక, కంపెనీ ఆప్షన్‌గా ఇచ్చినది లేకపోతే మనమే పెట్టుకోవాలి. నంబరు ప్లేటు దగ్గర ఇమిడేది చాలు.

ఫోను స్టాండుకి కాలిఫోర్నియాలో లెక్కలున్నాయి. ముందు అద్దం మీదైతే డ్రైవరు వైపు కింది మూల ఐదంగుళాల చదరం, అదీ ఎయిర్‌బ్యాగుకి అడ్డం రాకుండా, లేదా అవతలి కింది మూల ఏడంగుళాల చదరం. నడుపుతూ ఒక్కసారి తట్టడం వరకే అనుమతి. డ్రైవరుకి కనబడేలా సినిమా పెట్టడం నేరం. "కారు కదిలితే సినిమా ఆపేసే తాళం పెట్టెలో ఉంటుంది, అది తీసేస్తాం" అనే షాపులుంటాయి, తీయించకండి.

9. స్పేరు టైరు లేదు. గాలి కొట్టే చిన్న పంపు, పంక్చరు కిట్టు కొని పెట్టుకోండి. కారు కవరు కొంటే గాలి ఆడే రకం తీసుకోండి. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

10. కొత్త కారైతే ఈ పాఠాలు సగం పనికిరావు.

మేనల్లుడికి నేనిలా చెప్పానని విని హైదరాబాదులో ఉన్న మా స్నేహితుడి కొడుకు ఫోను చేశాడు. 2025లో మన దేశంలోకి వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్ బుక్ చేస్తున్నాడట. "బాబాయ్, దానికి ఏ స్టీరియో పెట్టమంటారు?" ఇప్పటి కార్లలో తెర, ఏసీ, కెమెరా అన్నీ ఒకే కంప్యూటరు కింద పనిచేస్తాయి. ఒకటి ఊడదీస్తే ఇంకోటి అలుగుతుంది, వారంటీ గొడవ వేరు. పాటల నాణ్యత నచ్చుతుందో లేదో బుక్ చేసే ముందే షోరూములో అరగంట కూర్చుని విను, నచ్చకపోతే కారే మార్చు అన్నాను. ఫోనులో నీ పాటలే పెట్టుకుని వెళ్లు, వాళ్లు వినిపించే డెమో పాట ఏ స్పీకరులోనైనా బాగానే ఉంటుంది. ఆ తర్వాత కొనడానికి మిగిలేవి కాళ్లకింద మ్యాట్లు. అవీ కారుతో ఇస్తున్నారేమో అడుగు.